ఏ గడియకు తిరిగి వెళ్లాలి: దూరపు సర్వర్‌లో చెడిన డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి నిలబెట్టడం

చెడిన డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టడం కేవలం ఆదేశాల పరిజ్ఞానానికి సంబంధించిన పని అన్న అభిప్రాయం ఆ పనిని ఎన్నడూ చేయనివారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆదేశాలు పుస్తకాల్లో దొరుకుతాయి, వాటిని వరుసగా కొట్టడం కొద్ది రోజుల్లో అలవడుతుంది. కాని ఏ క్షణం దాకా వెనక్కి వెళ్లాలి, ఆ క్షణం తరువాత జరిగిన లావాదేవీలను ఎక్కడి నుంచి ఏరి తెచ్చుకోవాలి, ఈ రెండూ తేలేదాకా ఎవరి చేతిని ఆపి ఉంచాలి అన్న నిర్ణయాలను ఏ ఆదేశమూ తీసుకోదు. సాంకేతిక గ్రంథాలు చివరి పేజీలకు నెట్టే ఆ నిర్ణయాలనే ఈ అధ్యాయం ముందుకు తెస్తుంది. పరికరాల ప్రస్తావన అవసరమైనంత మేరకే వస్తుంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి నూజివీడు మామిడి వ్యాపారం అనువైన రంగం, ఎందుకంటే అక్కడ ఏడాది లెక్కలో అధిక భాగం ఏప్రిల్ నుంచి జూన్ దాకా నడిచే కోతకాలంలోనే పడుతుంది. పూత మీదో పిందె మీదో తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారి ఇచ్చిన బయానా, కోత రోజు కాటా దగ్గర తేలిన తూకం, ట్రేల సంఖ్య, కమీషను, కూలి, లారీ బాడుగ, చివరికి రైతు ఖాతాలో పడిన సొమ్ము, ఇవన్నీ ఒకప్పుడు ఎర్రబట్ట చుట్టిన పుస్తకాల్లో ఉండేవి. అదే లెక్కను ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘమో కమీషను కొట్టో కంప్యూటర్‌లో రాసుకుంటున్నదని అనుకుంటే, ఆ వివరాలను పట్టికలుగా అమర్చి, అడిగిన వెంటనే వెతికి ఇచ్చే సాఫ్ట్‌వేర్ అమరికను డేటాబేస్ అంటారు. అది నడిచే యంత్రం సర్వర్. అమెజాన్ సంస్థ 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను సర్వర్లను అద్దెకిచ్చే తన క్లౌడ్ కేంద్రాలను తెరిచిన తరువాత, ఆగిరిపల్లి తోటలో తూచిన కాయ లెక్క వందల కిలోమీటర్ల అవతల, ఆ సంఘంలో ఎవరూ కంటితో చూడని యంత్రంలో ఉండటం మామూలు విషయమైంది. ఒకానొక సమయంలో డేటాబేస్ ఎలా ఉందో అలాగే తీసి వేరే చోట భద్రపరిచిన నకలును బ్యాకప్ అని, ఆ నకలు నుంచి మళ్లీ నడిచే డేటాబేస్‌ను తయారుచేయడాన్ని రిస్టోర్, అంటే పునరుద్ధరణ అని వ్యవహరిస్తారు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగిన సంఘటనను ఈ విద్య నేర్చుకునేవారు తప్పక చదవాలి. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే ఆ సేవలో ప్రధాన డేటాబేస్ సర్వర్ ఒకటి, దాని మార్పులను వెనువెంటనే అందుకుంటూ పోయే అనుబంధ సర్వర్ మరొకటి ఉండేవి. అనుబంధ సర్వర్ వెనకబడిపోవడంతో దానిలోని డేటాను తుడిచి మొదటి నుంచి నింపాలని ప్రయత్నించిన ఇంజనీరు, రాత్రి పొద్దుపోయాక, తుడిచే ఆదేశాన్ని పొరపాటున ప్రధాన సర్వర్ మీద ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపినా, దాదాపు 300 గిగాబైట్ల డేటాలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి. అసలు కథ అక్కడే మొదలవుతుంది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్‌లు చాలాకాలంగా తీయబడటమే లేదని అప్పుడు తెలిసింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 9.6 వెర్షన్‌లో నడుస్తుండగా, బ్యాకప్ తీసే పరికరం 9.2 వెర్షన్‌దిగా ఉండి, ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు పంపినవారి గుర్తింపు సరిపోలక తిరస్కరణకు గురయ్యాయి. డిస్కుల స్నాప్‌షాట్లు, అంటే ఒకానొక క్షణపు నకళ్లు, తీసే ఏర్పాటు ఇతర సర్వర్లకు ఉండి, డేటాబేస్ సర్వర్లకు మాత్రం లేకపోయింది.

సంస్థను చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు వేరే అవసరం కోసం, పరీక్షా సర్వర్‌లోకి కొత్త డేటా ఎక్కించడానికి, ఒక ఇంజనీరు చేత్తో తీసిన నకలు. పరీక్షా సర్వర్ డిస్కులు నెమ్మదైనవి కావడంతో ఆ నకలును ప్రధాన సర్వర్‌కు చేర్చడానికే దాదాపు 18 గంటలు పట్టింది. ఆరు గంటల కాలంలో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వివరాలు తిరిగి రాలేదు. ఈ సంఘటనను అలసిన ఇంజనీరు చేసిన తప్పుగా చదివేవారు చాలామంది ఉన్నారు గాని, ఆ పఠనం అంత ప్రయోజనకరం కాదు. అలసిన మనిషి ఎక్కడైనా ఉంటాడు. అన్ని రకాల బ్యాకప్‌లు అమర్చుకున్న సంస్థలో వాటిలో ఒక్కదాని నుంచైనా డేటాబేస్‌ను నిలబెట్టి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడమే అక్కడ గమనించవలసిన లోపం. తన వైఫల్యాన్ని దాచకుండా, పునరుద్ధరణ జరుగుతున్నంతసేపూ పని తీరును బహిరంగంగా చూపిన ఆ సంస్థ నిజాయితీ వల్లనే ఈ వివరాలన్నీ నేడు పాఠకులకు అందుతున్నాయన్నది కూడా చెప్పుకోవలసిన మాట.

చేయి ఆపవలసిన వేళ

డేటా పోయిందన్న కబురు అందగానే ఏదో ఒకటి చేయాలన్న తహతహ పుట్టడం సహజం, పునరుద్ధరణకు మొదటి శత్రువు కూడా అదే. కోతకాలంలో కాటా దగ్గర లారీ నిలబడి ఉండగా, వ్యాపారి ఒకవైపు, రైతు మరొకవైపు ఫోన్లు చేస్తుండగా, లెక్క చూసే కుర్రవాడు దొరికిన పాత బ్యాకప్‌ను చెడిన డేటాబేస్ మీదనే ఎక్కించబోతాడు. ఆ క్షణంలో అతడు రెండు అవకాశాలను పోగొట్టుకుంటాడు: చెడిన డేటాబేస్‌లో ఇంకా బాగున్న భాగం చెరిగిపోతుంది, ఏం జరిగిందో చెప్పే ఆనవాళ్లు కూడా దానితోనే పోతాయి. అందువల్ల మొదట చేయవలసిన పని డేటాబేస్‌లోకి కొత్త రాతలు రాకుండా ఆపడం, అంటే దానికి లెక్కలు పంపే యాప్‌ను నిలిపివేయడం. రెండవది, చెడిన స్థితిలో ఉన్న డిస్కుకే ఒక నకలు తీసి పక్కన పెట్టడం. చెడినదానికి నకలెందుకన్న ప్రశ్నకు జవాబు మరునాడు దొరుకుతుంది, బ్యాకప్‌లో లేని నిన్నటి రాతలు కొన్ని ఆ శిథిలంలోనే ఉన్నట్టు తేలినప్పుడు.

మూడవ జాగ్రత్త యంత్రం పేరుకు సంబంధించినది. దూరపు సర్వర్‌తో పనిచేసేవాడు ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గం ద్వారా, తన ముందున్న నల్లని తెరలో అక్షరాలు టైపు చేస్తూ, అక్కడి యంత్రానికి ఆదేశాలిస్తాడు. మూడు సర్వర్లకు మూడు తెరలు తెరుచుకుంటే మూడూ ఒకే తీరున కనిపిస్తాయి. గిట్‌ల్యాబ్ ఇంజనీరును ముంచినది ఆ పోలికే. అసలు సర్వర్ తెర రంగును మార్చి ఉంచడం, ప్రతి ఆదేశపు పంక్తి మొదట యంత్రం పేరు స్పష్టంగా కనిపించేలా అమర్చడం, తుడిచే స్వభావం గల ఆదేశాన్ని కొట్టేముందు రెండో మనిషికి ఫోన్లోనైనా చదివి వినిపించడం అన్నవి చిన్న ఏర్పాట్లుగా కనిపించినా, అర్ధరాత్రి వేళ మనిషి తెలివి కన్నా అవే నమ్మదగినవి. పైగా ఫోల్డరును తుడవడం కన్నా దాని పేరు మార్చి పక్కన ఉంచడం ఎప్పుడూ మేలు. డిస్కులో చోటు ఉన్నంతవరకు తుడవవలసిన అవసరమే రాదు.

గడియ తేల్చడం

బ్యాకప్‌లు స్థూలంగా రెండు విధాలు. డేటాబేస్‌లోని పట్టికలను, వాటిలోని వరుసలను మళ్లీ సృష్టించడానికి కావలసిన సూచనల రూపంలో రాసి ఉంచేది లాజికల్ బ్యాకప్; పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్, మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే పరికరాలు దీనిని తీస్తాయి. డేటాబేస్ డిస్కు మీద ఎలా పరుచుకుని ఉందో ఆ ఫైళ్లనే యథాతథంగా నకలు చేసేది ఫిజికల్ బ్యాకప్. మొదటిది కొత్త వెర్షన్లకు, వేరే యంత్రాలకు కూడా ఎక్కుతుంది, అయితే తీసిన ఆ ఒక్క క్షణానికే తిరిగి వెళ్లగలదు. రెండవది అదే ప్రధాన వెర్షన్ మీదనే పనిచేస్తుంది, కాని దానికి ఒక విశేష శక్తి ఉంది.

ఆ శక్తిని అర్థం చేసుకోవడానికి పాత వ్యాపారుల చిట్టా, ఆవర్జాల పద్ధతిని గుర్తుకు తెచ్చుకుంటే చాలు. జరిగిన ప్రతి లావాదేవీని జరిగిన వరుసలో రాసే పుస్తకం చిట్టా. అందులోని పద్దులను మనిషి పేరు వారీగా విడగొట్టి ఎక్కించినది ఆవర్జా. చిట్టా పదిలంగా ఉంటే, పాత నిల్వల దగ్గర మొదలుపెట్టి, పద్దులను ఒక్కొక్కటిగా మళ్లీ ఎక్కించుకుంటూ పోయి, పోయిన ఆవర్జాను ఏ తేదీ నాటికి కావాలంటే ఆ తేదీ నాటికి తయారుచేయవచ్చు. పోస్ట్‌గ్రెస్ కూడా ప్రతి మార్పును పట్టికలో స్థిరపరచకముందే ఒక వరుస చిట్టాలో రాసుకుంటుంది, దానిని వాల్ అంటారు. మైఎస్‌క్యూఎల్‌లో ఈ పనికి వచ్చేది బిన్‌లాగ్. ఆదివారం తీసిన ఫిజికల్ బ్యాకప్, దాని తరువాతి వాల్ ఫైళ్లన్నీ వేరే చోట భద్రంగా ఉంటే, గురువారం తెల్లవారుజామున నాలుగు గంటల ఇరవై నిమిషాలకు పట్టిక పోయిందని తెలిసినప్పుడు, నాలుగు గంటల పంతొమ్మిది నిమిషాల స్థితికి డేటాబేస్‌ను తేవచ్చు. మధ్యలో ఒక్క వాల్ ఫైలు లేకపోయినా ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ నూజివీడువారు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన చిక్కు ఒకటి ఉంది. దూరపు సర్వర్లు చాలావరకు ప్రపంచ ప్రామాణిక కాలమైన యూటీసీలో నడుస్తాయి, భారతీయ కాలం దానికన్నా ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. సరకు తెల్లవారకముందే నున్న మామిడి మార్కెట్ దారి పట్టే వ్యాపారంలో మే 12 తెల్లవారుజాము 4:20 గంటల లావాదేవీ సర్వర్ దృష్టిలో మే 11 రాత్రి 10:50 గంటలది. కాలమండలం పేర్కొనకుండా 4:19 అని రాసి పునరుద్ధరణ మొదలుపెడితే, యూటీసీలో నడిచే సర్వర్ దానిని భారతీయ కాలమానం ప్రకారం ఉదయం 9:49గా తీసుకుని, చిట్టాలోని పద్దులన్నింటితో పాటు పట్టికను తుడిచిన పద్దును కూడా విధేయంగా మళ్లీ అమలు చేస్తుంది. గంటల తరబడి సాగిన పని ముగిసేసరికి చేతికి వచ్చేది అదే ఖాళీ పట్టిక. కోరుకున్న క్షణాన్ని రాసేటప్పుడు పక్కనే ఐదున్నర గంటల తేడాను కూడా అంకెల్లో రాయడం వల్ల ఈ ప్రమాదం తప్పుతుంది.

తప్పు ఒక్క క్షణంలో జరిగితే గడియ తేల్చడం సులభం. అలాకాక, ఒక గుత్తేదారు ధర మూడు రోజులుగా తప్పుగా పడుతూ, మిగిలిన లెక్కలన్నీ సరిగానే సాగుతున్నప్పుడు, మొత్తం డేటాబేస్‌ను మూడు రోజులు వెనక్కి తీసుకుపోవడం అంటే ఒకరి తప్పును దిద్దడానికి వందమంది నిజమైన లెక్కను చెరపడమే. అటువంటి సందర్భంలో పాత బ్యాకప్‌ను వేరే పేరుతో పక్కన నిలబెట్టి, దానిలోంచి చెడిన వరుసలను మాత్రమే తెచ్చి, నడుస్తున్న డేటాబేస్‌లో సరిచేయాలి. పునరుద్ధరణ అనగానే కాలాన్ని టోకున వెనక్కి తిప్పడమేనని భావించేవారికి ఈ రెండవ మార్గం తట్టదు. నిజానికి రోజువారీ నిర్వహణలో ఎక్కువగా అవసరపడేది అదే.

ఎంత డేటా పోతే సహించగలం, ఎంతసేపు సేవ ఆగితే ఓర్చుకోగలం అన్న రెండు కొలతలను సంస్థ ముందే నిర్ణయించి కాగితం మీద పెట్టాలని ఈ రంగపు గ్రంథాలు చెబుతాయి. వాటిని ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అనే పొట్టి పేర్లతో పిలుస్తారు. సెప్టెంబరులో రోజుకు ఒక్క బ్యాకప్‌తో సరిపెట్టుకోగల సంఘానికి మే నెలలో పావుగంట లెక్క పోయినా తట్టుకోవడం కష్టం కాబట్టి, ఏడాది పొడవునా ఒకే కొలతను పాటించవలసిన నిర్బంధం లేదు.

ఎక్కించడం

సర్వర్‌కు బ్యాకప్ ఫైలును చేరవేయడం దగ్గరే చాలామంది మొదటి పూటను పోగొట్టుకుంటారు. సెకనుకు 20 మెగాబిట్లు పైకి పంపగల ఇంటి కనెక్షన్‌తో 100 గిగాబైట్ల ఫైలును నూజివీడు నుంచి ముంబయికి పంపాలంటే, మధ్యలో ఒక్క అంతరాయం లేకపోయినా 11 గంటలు పడుతుంది. బ్యాకప్ కూడా సర్వర్ ఉన్న నగరంలోని నిల్వకేంద్రంలోనే ఒక ప్రతిగా ఉంటే, సర్వర్ చేతనే దానిని నేరుగా దించుకోనివ్వాలి, మనిషి చేతిలోని ల్యాప్‌టాప్ ఆ దారిలో లేకుండా చూడాలి. దించిన ఫైలు మూలంతో సరిపోయిందో లేదో ఎస్‌హెచ్‌ఏ-256 వంటి సరిచూపు అంకెతో పోల్చుకోవాలి. ఒక్క బైటు మారినా ఆ అంకె పూర్తిగా మారిపోతుంది. డిస్కులో ఎంత చోటుందో కూడా ముందే చూసుకోవాలి, ఎందుకంటే కుదించిన బ్యాకప్ ఫైలు విప్పినప్పుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది, దానికి తోడు చెడిన డేటాబేస్ ఇంకా పక్కనే ఉంటుంది.

మామిడి కోతకాలమే వేసవి గాలివానల కాలం కూడా. సాయంత్రం ఈదురుగాలి లేచి, కాయ రాలి, కరెంటు పోయి, దానితో పాటే ఇంటర్నెట్ పోవడం ఈ ప్రాంతంలో వింత కాదు. ఎస్‌ఎస్‌హెచ్ తెరలో నేరుగా నడిపిన ఆదేశం, కనెక్షన్ తెగగానే, మామూలుగా సర్వర్ వైపు కూడా ఆగిపోతుంది. సగం ఎక్కిన డేటాబేస్ మిగులుతుంది. టీమక్స్ లేదా స్క్రీన్ అనే చిన్న పరికరాలు సర్వర్ లోపలే ఒక స్థిరమైన తెరను తెరిచి ఉంచుతాయి కాబట్టి, ఇక్కడ కరెంటు పోయినా అక్కడ పని సాగుతుంది, తిరిగి వచ్చాక ఫోన్ హాట్‌స్పాట్ మీదనైనా అదే తెరలోకి ప్రవేశించవచ్చు. ఈ అలవాటు లేనివారు దూరపు సర్వర్ మీద పునరుద్ధరణకు పూనుకోకపోవడమే మంచిది.

పునరుద్ధరణ ఎప్పుడూ కొత్త పేరుగల ఖాళీ డేటాబేస్‌లోకే జరగాలి. పరీక్షలన్నీ నెగ్గిన తరువాతే పేర్లు మార్చి యాప్‌ను దానివైపు తిప్పాలి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్ ఒక్క డేటాబేస్‌నే నకలు చేస్తుంది గాని, దానిని వాడే ఖాతాలను, వాటి పాస్‌వర్డులను తీసుకోదు. వాటిని పీజీడంప్‌ఆల్ అనే తోటి పరికరంతో విడిగా తీసి ఉంచకపోతే, డేటా అంతా వచ్చినా తలుపు తెరిచే తాళంచెవి ఉండదు. పీజీడంప్ తీసిన నకలును ఎక్కించే పీజీరిస్టోర్ అనే పరికరం మధ్యలో దోషాలు ఎదురైనా ఆగకుండా ముందుకు సాగి, చివరన ఎన్ని దోషాలను దాటవేసిందో ఒక్క పంక్తిలో చెప్పి ముగుస్తుంది. ఆ పంక్తిని చూడనివారు ఒక పట్టిక తక్కువైన డేటాబేస్‌ను సంపూర్ణమని నమ్ముతారు. కనుక దోషం రాగానే ఆగే ఎంపికను పెట్టుకోవాలి, తెర మీద పడిన ప్రతి అక్షరాన్నీ ఒక ఫైలులోకి పట్టి ఉంచుకోవాలి. ఎక్కింపు ముగిశాక అనలైజ్ అనే ఆదేశంతో పట్టికల గణాంకాలను కొత్తగా లెక్కించమనకపోతే, అన్నీ సరిగ్గా ఉన్నా డేటాబేస్ నత్తనడక నడిచి అనవసరమైన భయం పుట్టిస్తుంది.

తెలుగులో పేర్లు రాసుకున్న డేటాబేస్‌కు మరొక పరీక్ష అవసరం. కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ అంకెలుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. నేడు సర్వత్రా వాడుతున్న యూటీఎఫ్-8లో తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసుకుంటాయి. 'నూజివీడు' అన్న పేరులో నాలుగు హల్లులు, నాలుగు గుణింతపు గుర్తులు కలిసి ఎనిమిది, అంటే 24 బైట్లు. పునరుద్ధరించిన పట్టికలో ఆ పేరు పొడవు ఎనిమిది వర్ణాలుగా, 24 బైట్లుగా వస్తే అక్షరాలు క్షేమం. ఎక్కించేటప్పుడు పాత లాటిన్ పద్ధతిని పొరపాటున ఎంచుకుంటే, ప్రతి తెలుగు వర్ణపు మొదటి రెండు బైట్లు నెత్తిన గీత ఉన్న ఆంగ్ల 'ఎ' గాను, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు గాను మారి కనిపిస్తాయి. ఆ గజిబిజి చూసి బెదరనక్కరలేదు, చాలాసార్లు దానిని వెనక్కి మార్చవచ్చు. రైతుల పేర్ల స్థానంలో వరుసగా ప్రశ్నార్థక చిహ్నాలు కనిపిస్తే మాత్రం, ఆ నకలులో అసలు బైట్లే పోయాయని గ్రహించి, మరో బ్యాకప్‌ను ఆశ్రయించాలి.

పాత బ్యాకప్ తనతో పాత లోకాన్ని కూడా తెస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు అమలులోకి వచ్చినప్పుడు, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు ఏలూరు జిల్లాలో చేరాయి. అదే మామిడి పట్టీలోని విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ఆ తేదీకి ముందరి బ్యాకప్‌ను ఈరోజు నిలబెడితే, ఒకే రైతుకు పక్కపక్కనే ఉన్న రెండు తోటలు రెండు జిల్లాల కిందకు పోవలసినవి, ఒకే పాత జిల్లా సంకేతంతో లేచి వస్తాయి. యాప్ కొత్త సంకేతాలనే ఎరుగును కాబట్టి, ఆ తోటలు నివేదికల్లో కనిపించకుండా పోతాయి. బ్యాకప్ తీసిన తరువాత డేటాబేస్ నిర్మాణంలో, సంకేతాల్లో జరిగిన ప్రతి మార్పునూ తేదీతో రాసి ఉంచుకుని, పునరుద్ధరణ అనంతరం వాటిని అదే వరుసలో మళ్లీ అమలు చేయాలన్న నియమం ఇటువంటి సందర్భాల కోసమే ఏర్పడింది.

సరిచూడటం, పూడ్చడం

వరుసల సంఖ్య సరిపోయిందన్నంత మాత్రాన లెక్క సరిపోయినట్టు కాదు. మండలం వారీగా టన్నులు, రకం వారీగా సొమ్ము, చివరగా నమోదైన లావాదేవీ సమయం, ఈ మూడింటినీ చెడకముందు ఎవరో ఒకరు తీసుకున్న నివేదికతో పోల్చాలి. ఆ నివేదికను ప్రతి సాయంత్రం అచ్చుతీసి ఉంచే కొట్టుకు ఆ కాగితమే సాక్షి. రకం వారీగా పోల్చేటప్పుడు తోతాపురిని ఈ ప్రాంతంలో కలెక్టరు కాయ అంటారన్న సంగతి తెలియని సాంకేతికుడు, ఒకే కాయ రెండు పేర్లతో ఉండటం చూసి సగం సరకు పోయిందని కంగారుపడే అవకాశం ఉంది. వ్యాపారం తెలిసిన గుమాస్తా పక్కన లేకుండా సరిచూపు పని ముగించకూడదు. బిల్లు సంఖ్యలను పుట్టించే లెక్కింపు యంత్రాంగం కూడా వెనక్కి పోయి ఉంటుంది గనుక, నిన్న కాగితం మీద రైతుకు ఇచ్చిన బిల్లు సంఖ్యే రేపు మరొకరికి పడకుండా, దానిని ముందుకు జరిపి ఉంచాలి.

తిరిగి వెళ్లిన గడియకు, ఇప్పటి గడియకు మధ్య ఉన్న ఖాళీని ఏ బ్యాకప్పూ పూడ్చదు. కాటా చీటీలు, లారీ డ్రైవరు దగ్గరి కాగితం, బ్యాంకు నుంచి వచ్చిన సందేశాలు, వ్యాపారుల వాట్సాప్ గ్రూపులోని తూకాల ఫొటోలు, ఇవన్నీ ముందేసుకుని ఇద్దరు మనుషులు, ఒకరు చదువుతుంటే మరొకరు ఎక్కిస్తూ, ఆ ఖాళీని నింపాలి. కంప్యూటర్ వచ్చాక కాగితపు చీటీ ఎందుకని దానిని మానేసిన చోట్ల ఈ పని అసాధ్యమవుతుంది. ఎక్కించిన ప్రతి పద్దుకు అది చేత్తో తిరిగి చేర్చినదన్న గుర్తు ఉండాలి, లేకపోతే రేపటి తగాదాలో ఏది యంత్రం పట్టిన తూకమో ఏది మనిషి జ్ఞాపకమో తెలియదు. ఇంకొక ముప్పు ఎదురుదిశ నుంచి వస్తుంది: బ్యాకప్ తీసిన క్షణాన పంపవలసిన ఎస్‌ఎంఎస్‌లు, చెల్లింపు ఆదేశాలు వరుసలో వేచి ఉంటే, పునరుద్ధరించిన డేటాబేస్ మేలుకోగానే వాటిని మళ్లీ పంపుతుంది. ఇప్పటికే సొమ్ము అందుకున్న రైతుకు రెండోసారి జమ కావడం ఆ రైతుకు బాధ కలిగించదు గాని, దానిని వెనక్కి అడగవలసిన సంఘానికి పరువు సమస్య. అందువల్ల బయటికి వెళ్లే దారులన్నీ మూసివేసిన తరువాతే కొత్త డేటాబేస్‌ను లేపాలి.

పూత కాలపు అభ్యాసం

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటాకేంద్రం తగలబడినప్పుడు, అసలు సర్వర్ ఉన్న ప్రాంగణంలోనే బ్యాకప్‌ను కూడా ఉంచుకున్న ఖాతాదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటాకేంద్రంలో రేగిన మంటల్లో, ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే జి-డ్రైవ్ అనే నిల్వ, 858 టెరాబైట్ల మేర, బయట నకలు లేక నశించింది. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఊళ్లో అన్న పాత సూత్రం అగ్గిని దృష్టిలో పెట్టుకుని చెప్పినట్టే ఉంటుంది. ముంబయి సర్వర్‌కు హైదరాబాదులో ఒక ప్రతి, నూజివీడు కొట్టు బీరువాలో తాళం వేసిన డిస్కులో మరొకటి ఉంచడం చిన్న సంఘానికి కూడా భారం కాదు. ఆ బీరువా డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు. ఫైళ్లకు తాళం వేసి సొమ్ము గుంజే రాన్సమ్‌వేర్ తగిలించి ఉన్న డిస్కును కూడా వదలదు.

అయితే ప్రతుల సంఖ్య కన్నా అభ్యాసమే ముఖ్యం. డిసెంబరు, జనవరి నెలల్లో తోటలు పూతకు వచ్చి, బయానాల లెక్క మాత్రమే పలచగా నడుస్తున్నప్పుడు, ఒక రోజు కేటాయించి, అద్దెకు తీసుకున్న తాత్కాలిక సర్వర్ మీద, నిన్నటి బ్యాకప్ నుంచి మొత్తం డేటాబేస్‌ను నిలబెట్టి చూడాలి. ఆ పనిని ఏర్పాటు చేసినవాడు కాక, రాసి ఉంచిన సూచనల కాగితం మాత్రమే చేతిలో ఉన్న వేరొకరు చేయాలి, ఎందుకంటే నిజమైన ఆపద వచ్చిన రోజున ఏర్పాటు చేసినవాడు ఏ పెళ్లిలోనో ఉండవచ్చు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ట్రిపుల్ ఐటీ నూజివీడులోనే ఉండగా, ఇటువంటి అభ్యాసానికి మనుషులు దొరకరన్న సాకు చెల్లదు; కంప్యూటర్ విద్యార్థికి పుస్తకంలో దొరకని అనుభవం ఇందులో ఉంది. ఎక్కడ తడబడ్డారో, ఏ పాస్‌వర్డు ఎవరికీ తెలియలేదో, ఎన్ని గంటలు పట్టిందో ఆ కాగితం మీదనే రాయాలి. ఆ గంటల సంఖ్యే సంస్థకు నిజమైన ఆర్‌టీఓ, సమావేశంలో అనుకున్నది కాదు. అభ్యాసం ముగిశాక ఆ తాత్కాలిక సర్వర్‌ను పూర్తిగా తుడిచివేయాలి. రైతుల బ్యాంకు ఖాతాలు, ఆధార్ సంఖ్యలు ఉన్న నకలును గాలికి వదిలేయడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేపథ్యంలో ఏ సంఘానికీ క్షేమం కాదు.

నిజమైన ఆపద తరువాత నిలబెట్టిన డేటాబేస్‌కు, యాప్ తిరిగి నడవడం మొదలైన ఆ పూటే కొత్తగా పూర్తి బ్యాకప్ తీయాలి, ఎందుకంటే పునరుద్ధరణ తరువాత చిట్టా కొత్త పాయగా సాగుతుంది, పాత బ్యాకప్‌తో దానిని అతికించడం అనుభవజ్ఞులకు కూడా తలనొప్పి. చెడిన డిస్కు నకలును మాత్రం ఆ సీజను లెక్కలు రైతులతో, వ్యాపారులతో చివరి రూపాయి దాకా తేలేంతవరకు, అంటే మామూలుగా వానాకాలం నడిమి వరకు, తాళం కింద ఉంచి, ఆ తరువాత ఇద్దరి సంతకాలతో తుడిచివేయాలి.